కడుపు బాగోలేనప్పుడు వామా, జీలకర్రా, శొంఠా, ఇసబ్‌గోలా? ఏ బాధకి ఏది ఎంచుకోవాలి

మన ఇళ్ళలో కడుపుకి వచ్చే ప్రతి బాధకీ ఒకటే పేరు పెట్టేశాం, గ్యాస్. తిన్నాక పొట్ట బిర్రుగా ఉన్నా గ్యాసే, ఛాతీలో మంటా గ్యాసే, పొద్దున్నే మోషన్ ఫ్రీగా అవ్వకపోయినా గ్యాసే, ఆఖరికి వీపు పట్టేసినా "గ్యాస్ పట్టేసిందిలే" అంటాం. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే అనుకుని పోపుల పెట్టె తీసి చేతికందిన వాము నోట్లో వేసుకుంటాం. ఆ పెట్టెలో ఉన్నవన్నీ నిజంగా పనిచేసేవే. కానీ ఒక బాధని తగ్గించేది ఇంకో బాధని పెంచుతుంది, ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి మా అమ్మ మూడు నెలలు ఇబ్బంది పడింది.

అమ్మకి 58 ఏళ్ళు. రాత్రి భోజనం అయ్యాక ఛాతీలో మంట, పడుకోగానే గొంతులోకి పుల్లటి నీళ్ళు. పుదీనా చలవ కదా, మంట తగ్గుతుంది అని నేనే రోజూ రాత్రి గుప్పెడు ఆకులు మరిగించి ఇచ్చాను. తగ్గకపోగా అర్ధరాత్రి లేచి మంచం మీద కూర్చోవడం మొదలైంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాటే "పడుకునే ముందు ఏం తీసుకుంటున్నారమ్మా" అని, పుదీనా అని చెప్పగానే ముందు అది ఆపేయమన్నారు. అన్నం దిగే గొట్టం, పొట్ట కలిసే చోట తలుపులాంటి కండరం ఒకటి ఉంటుంది, పొట్టలోని యాసిడ్ పైకి రాకుండా అది మూసుకుని ఉండాలి, పుదీనాలో ఉండే మెంథాల్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది. అదే మెంథాల్ పేగులు మెలిపెట్టే నొప్పికి మాత్రం మంచి మందు, ఎందుకంటే అక్కడా అది చేసేది అదే పని, బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో ఇచ్చిన ఐబీఎస్ (కడుపునొప్పితో పాటు మలబద్ధకమో విరేచనాలో పదేపదే వచ్చే పేగు సమస్య) మార్గదర్శకాల్లో పుదీనా నూనె కూడా ఉంది. అంటే పుదీనా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకే అర్థం లేదు, మీ బాధ ఎక్కడుంది అన్నది ముందు తేలాలి.

కాబట్టి ముందు మీ బాధకి సరైన పేరు పెట్టండి. తిన్న గంటకో రెండు గంటలకో పొట్ట బిగదీసి, తేన్పులు వచ్చినా గాలి కిందికి పోయినా హాయిగా అనిపిస్తే అది ఉబ్బరం. వంగినా, పడుకున్నా ఎక్కువయ్యే మంట అయితే ఎసిడిటీ. తిప్పుతూ నోట్లో నీళ్ళూరుతుంటే వికారం. మోషన్ గట్టిగా అవ్వడం, మూడు రోజులకోసారి అవ్వడం, అయినా ఇంకా మిగిలినట్టు ఉండడం మలబద్ధకం. ఇవి కలిసి కూడా వస్తాయి, ముఖ్యంగా మలబద్ధకం ఉన్నవాళ్ళకి ఉబ్బరం దాదాపు తప్పదు, అలాంటప్పుడు వాము ఎంత తిన్నా లాభం ఉండదు, ముందు మోషన్ సంగతి చూడాలి.

ఉబ్బరానికి: వాము, జీలకర్ర, సోంపు, ఇంగువ

ఈ నాలుగూ ఒక జాతివే అనుకోవచ్చు, నాలుగింటిలోనూ ఘాటైన నూనెలు ఉంటాయి, అవి పేగుల కండరాన్ని సడలించి గాలి కదిలేలా చేస్తాయి. తేడా అంతా ఘాటులోనే ఉంది.

వాము అన్నింటికంటే గట్టిది. దాని ఘాటంతా థైమాల్ అనే పదార్థానిది. పెళ్ళి భోజనం, పకోడీలు, బజ్జీలు, అరగని మాంసం, ఇలాంటి ఒక్కరోజు బరువుకి వాముని మించింది నాకు కనబడలేదు. అయితే వాడే పద్ధతిలో చాలామంది పొరపాటు చేస్తారు, డబ్బాలోంచి తీసిన వాము అలాగే మింగేస్తారు, గింజ నలగకపోతే లోపలి నూనె బయటికి సరిగా రాదు. మా అమ్మమ్మ చేసే తీరు ఇలా ఉండేది. ఖాళీ మూకుడు సన్నటి సెగ మీద పెట్టి అర టీస్పూను వాము వేసి, గింజ రంగు కాస్త మారి ముక్కుకి ఘాటు తగిలిన క్షణంలో దించేసేది. వేడి ఉండగానే అరచేతిలో పోసుకుని రెండో చేతి బొటనవేలి కింది కండతో గట్టిగా రుద్దితే పొట్టు లేచి చెయ్యంతా ఆ వాసన పట్టేది. దాంట్లో నాలుగు ఉప్పు రవ్వలు వేసి, నమిలి రసం మింగి, పైన గోరువెచ్చని నీళ్ళు తాగమనేది. పావుగంటలో తేన్పు వచ్చేది. ఇందులో రహస్యమేమీ లేదు, వేయించి నలపడం వల్ల నూనె బయటికి వస్తుంది, అంతే.

కానీ వాము రోజూ వేసుకునేది కాదు. మంట ఉన్నవాళ్ళు, అల్సర్ ఉందని చెప్పించుకున్నవాళ్ళు దాని జోలికి వెళ్ళకండి, పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది.

రోజువారీకి నా ఓటు జీలకర్రకే. ఒక టీస్పూను జీలకర్ర రెండు గ్లాసుల నీళ్ళలో వేసి ఒకటిన్నర గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడగట్టి రోజులో రెండు మూడు సార్లుగా తాగొచ్చు. వాములాగా టక్కున పనిచేయదు, అంత మంటా పెట్టదు. ఇంకా మంచిది, మన తాలింపు మజ్జిగలో జీలకర్ర, కరివేపాకు, చిటికెడు ఇంగువ కలిసే ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం భోజనం చివర్లో పల్చటి మజ్జిగ ఒక గ్లాసు తాగే అలవాటు ఉన్నవాళ్ళు వేరే జీలకర్ర నీళ్ళు కాచుకోవాల్సిన పనే లేదు. పాలు పడనివాళ్ళలో చాలామందికి మజ్జిగ పడుతుంది, తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజ్ కొంత తగ్గిపోతుంది, నీళ్ళు కలిపాక ఇంకా తగ్గుతుంది. రాత్రి గ్లాసు నిండా పాలు తాగి పొద్దున్నే ఉబ్బరం అనేవాళ్ళు ఏ గింజా కొనకముందు ఓ వారం ఆ పాలు మానేసి చూడండి.

సోంపు అన్నింటిలో మెత్తనిది. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చేది ఉట్టి మర్యాద కాదు, పని చేస్తుంది, కాకపోతే రంగురంగుల చక్కెర పూత వేసిన సోంపు తినడం వల్ల కడుపుకి ఒరిగేదేమీ లేదు. మంట, ఉబ్బరం రెండూ ఉన్నవాళ్ళకి ఈ నాలుగింటిలో నేను చెప్పేది ఇదొక్కటే. కొనేటప్పుడు మరీ మెరిసే పచ్చరంగులో ఉన్నది వదిలేసి కాస్త గడ్డి రంగుకి తిరిగింది తీసుకోండి.

ఇంగువ విషయం వేరు. అది గ్యాస్ వచ్చాక వేసుకునే మందు కంటే, రాకుండా వంటలో వేసుకునే దినుసుగా బాగా పనిచేస్తుంది. కంది, శనగ, అలసంద, రాజ్మా, వీటిలో మన పేగు అరిగించుకోలేని చక్కెరలు ఉంటాయి, అవి పెద్దపేగులో పులిసి గాలి పుడుతుంది. పప్పు రెండు గంటలు, శనగలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికించి పోపులో ఇంగువ వేస్తే సగం సమస్య పొయ్యి దగ్గరే తీరిపోతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి, షాపుల్లో దొరికే పొడి ఇంగువలో ఎక్కువ భాగం పిండి, బంక. చాలా బ్రాండ్లలో ఆ పిండి గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. గోధుమ పడని సీలియాక్ ఉన్నవాళ్ళకి ఆ చిటికెడు కూడా ఇబ్బందే, డబ్బా వెనక చదివి బియ్యప్పిండి కలిపింది వెతుక్కోండి. అసలు ఇంగువ మనకి ఎక్కువగా అఫ్ఘానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ నుంచి వస్తుంది. ఇక్కడ పండించే ప్రయత్నం 2020 అక్టోబరులోనే హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది.

ఛాతీలో మంటకి

ఈ బాధకి ఇంట్లో ఉన్న సగం వైద్యాలు ఎదురు తిరుగుతాయి. పుదీనా సంగతి చెప్పాను. పొద్దున్నే పరగడుపున వేడినీళ్ళలో నిమ్మకాయ, తేనె కలిపి తాగేవాళ్ళు, మంట ఉంటే అది మానేయండి. అల్లం టీ కూడా అంతే, కొద్దిగా అయితే పర్వాలేదు, ఎక్కువైతే అల్లమే మంట పుట్టిస్తుంది. చల్లటి పాలు తాగగానే హాయిగా ఉంటుంది నిజమే, కానీ పాలు అరిగించడానికి పొట్ట మళ్ళీ యాసిడ్ వదులుతుంది, గంటన్నరకి మళ్ళీ మొదలు.

మరి ఏది? సోంపు, ధనియాలు. ఒక టీస్పూను ధనియాలు కచ్చాపచ్చాగా దంచి రాత్రి గ్లాసు నీళ్ళలో నానేసి పొద్దున వడగట్టి తాగడం మా వైపు పాత అలవాటు, సాత్వికంగా ఉంటుంది, ఎవరికీ హాని చేయగా నేను చూడలేదు. అతిమధురం గట్టిగా పనిచేస్తుందని పేరు, గొంతు నుంచి కిందిదాకా పూత పూసినట్టు ఉంటుంది, అయితే నేను దాన్ని అందరికీ చెప్పను. అందులో ఉండే గ్లైసిరైజిన్ బీపీ పెంచుతుంది, రక్తంలో పొటాషియం తగ్గిస్తుంది. బీపీ మాత్రలు, ముఖ్యంగా ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే మాత్రలు వేసుకునేవాళ్ళకి, గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్ళకి, గర్భిణులకి అతిమధురం వద్దు. మిగతావాళ్ళు కూడా వారం పది రోజులకి మించి పట్టుకుని ఉండకండి.

నిజం చెప్పాలంటే మంటకి మూలికల కంటే పద్ధతులే ఎక్కువ పనిచేస్తాయి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టండి, రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుంది తప్ప ఉపయోగం లేదు. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. అమ్మకి పుదీనా మానేసి, తొమ్మిదిన్నర భోజనాన్ని ఏడున్నరకి తెస్తే మూడో వారానికి రాత్రి లేవడం ఆగింది.

రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఇంట్లో ప్రయోగాలు ఆపేయండి. చాలా అల్సర్లకి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనిపెట్టారు, 2005లో వాళ్ళకి నోబెల్ కూడా వచ్చింది. అది కచ్చితమైన యాంటీబయాటిక్ కోర్సుతో పోతుంది, ధనియాల నీళ్ళతో పోదు. నొప్పి మాత్రలు తరచుగా వేసుకునేవాళ్ళకి కూడా అల్సర్ వస్తుంది. మోషన్ తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఐరన్ మాత్రల వల్ల కూడా మోషన్ నల్లబడుతుంది, కానీ ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే.

ఇక అసలు భయపడాల్సింది ఒకటుంది. గుండెపోటుని గ్యాస్ అనుకోవడం. మా వీధిలో ఒకాయన రాత్రి పదకొండింటికి ఛాతీ బరువుగా ఉందని సోడా తాగారు, వాము నమిలారు, తెల్లారేదాకా చూద్దాం అన్నారు. తెల్లారేసరికి ఆయన లేరు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా పోపుల పెట్టె దగ్గరికి కాదు, 108కి ఫోన్ దగ్గరికి వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి స్పష్టంగా ఉండకపోవచ్చు, ఉట్టి వికారం, నీరసం, పైపొట్టలో అసౌకర్యం లాగే రావచ్చు. ఈసీజీ తీయించుకున్నాక గ్యాసే అని తేలితే మంచిదే, ఇంటికొచ్చి హాయిగా జీలకర్ర నీళ్ళు తాగొచ్చు.

వికారానికి

ఇక్కడ పోటీయే లేదు, అల్లం. పచ్చి అల్లంలో జింజెరాల్ ఉంటుంది, ఎండి శొంఠి అయ్యేసరికి అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, అందుకే శొంఠి ఘాటు వేరుగా ఉంటుంది. వేవిళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా వాడింది రోజుకి ఒక గ్రాము పొడి, అంటే అటూ ఇటూగా అర టీస్పూను, అదీ ఒకేసారి కాదు, రెండు మూడు సార్లుగా. గర్భిణులు మొదలుపెట్టే ముందు తమ డాక్టరుకి ఒక మాట చెప్పండి. అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వాంతులయ్యేవాళ్ళు బస్సు బయల్దేరడానికి అరగంట ముందే చిన్న అల్లం ముక్క ఉప్పు అద్దుకుని నమలండి, మలుపులు మొదలయ్యాక తింటే ఆలస్యమే. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు కూరలో వేసుకునే అల్లానికి భయపడక్కర్లేదు, చెంచాలకొద్దీ పొడి మాత్రం డాక్టరుని అడగకుండా తినకూడదు.

వేడి అన్నంలో నెయ్యి, చిటికెడు శొంఠి పొడి కలుపుకుని మొదటి ముద్దగా తినడం జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉన్నప్పుడు ఎంత హాయో చెప్పలేను.

మలబద్ధకానికి: ఇక్కడే అసలు ఎంపిక

ఎక్కువమంది తప్పు చేసేది, ఆ తప్పుని ఏళ్ళ తరబడి కొనసాగించేది ఇక్కడే. మన దగ్గర దొరికేవి రెండు రకాలు. ఒకటి మలానికి నీళ్ళు పట్టించి మెత్తబరిచేవి, ఇంకోటి పేగుని రెచ్చగొట్టి తోసేవి. మొదటి రకం నెమ్మది, రోజూ వాడినా ఇబ్బంది లేదు. రెండో రకం రాత్రి వేసుకుంటే పొద్దున్నకి పని జరుగుతుంది, అందుకే అందరూ దాన్నే ఇష్టపడతారు.

ఇసబ్‌గోల్ మొదటి రకం. గుజరాత్, రాజస్థాన్లలో పండుతుంది, జీలకర్రకి పేరుపడ్డ ఊంఝా మార్కెట్టే దీనికీ పేరు. గింజ మీది పొట్టు నీళ్ళలో పడగానే జిగురులా ఉబ్బుతుంది. ఒకటి రెండు టీస్పూన్లు నిండు గ్లాసు నీళ్ళలో కలిపి, చిక్కబడేదాకా ఆగకుండా వెంటనే తాగేసి, ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. ఆ రెండో గ్లాసు దగ్గరే అందరూ బద్ధకిస్తారు. నీళ్ళు చాలకపోతే అదే గట్టిపడి లోపల అడ్డం పడుతుంది, గొంతులో కూడా ఇరుక్కోవచ్చు, మింగడం కష్టంగా ఉన్న పెద్దవాళ్ళకి అసలు ఇవ్వకండి. ఫలితం ఒకటి నుంచి మూడు రోజుల్లో కనిపిస్తుంది, ఒక్కరోజు వేసుకుని "పని చేయలేదు" అనేస్తే దానికి అన్యాయం చేసినట్టే. మొదటివారం కాస్త ఉబ్బరం ఉంటుంది, అందుకే అర చెంచాతో మొదలుపెట్టి పెంచుకోండి. ఐబీఎస్ ఉన్నవాళ్ళకి గోధుమ తవుడు లాంటి గరుకు పీచు కంటే ఇలాంటి కరిగే పీచే మేలని నేను పైన చెప్పిన 2021 మార్గదర్శకాలు కూడా అంటున్నాయి.

సునాముఖి రెండో రకం. ఆరు నుంచి పన్నెండు గంటల్లో పేగుని కదిలిస్తుంది, కడుపు మెలిపెట్టడం సహజం. ప్రయాణంలోనో జ్వరంలోనో మోషన్ ఆగిపోయి ఒకసారి కావాలంటే వాడొచ్చు. ఇది వేసుకోనిదే మోషన్ అవ్వదు అనే స్థితికి చాలామంది వచ్చేస్తున్నారు, తెలియకుండానే. "హెర్బల్", "ఆయుర్వేదిక్" అని రాసి ఉన్న విరేచనాల పొడుల్లో చాలావాటిలో ముఖ్యమైన సరుకు ఈ ఆకే. డబ్బా వెనక సునాముఖి, సోనాముఖి, సెన్నా, స్వర్ణపత్రి అని ఏ పేరు కనిపించినా అన్నీ ఒకటే. వారానికి మించి డాక్టరు చెప్పకుండా వాడకండి. మూలిక కాబట్టి ఏళ్ళ తరబడి వాడినా ఏం కాదు అన్నది నిజం కాదు.

త్రిఫల ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. రాత్రి అర నుంచి ఒక టీస్పూను గోరువెచ్చని నీళ్ళతో. ఇసబ్‌గోల్ జిగురు గిట్టనివాళ్ళకి నేను ఇది చెప్తాను, పడితే బాగా పడుతుంది, మోషన్ పల్చగా అయితే సగానికి తగ్గించండి. మా నాన్న చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి ఆముదం పట్టించేవాళ్ళట, కడుపు శుభ్రమవుతుందని. ఆ పద్ధతి ఇప్పుడు అవసరం లేదు, కడుపుని అలా నెలకోసారి కడగాల్సిన పని శరీరానికి లేదు, గర్భిణులకైతే ఆముదం నొప్పులు తెప్పించే ప్రమాదం ఉంది.

మీకు ఏది అని నన్నడిగితే, నెలల తరబడి ఉన్న సమస్యకి ఇసబ్‌గోల్, దానితోపాటు నీళ్ళు, రోజుకో జామకాయ, ఆకుకూర. ఒక్కసారి అవసరానికి సునాముఖి. యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా, మోషన్‌లో రక్తం వచ్చినా ఈ రెండూ పక్కన పెట్టి పరీక్ష చేయించుకోండి, "పైల్స్ అయి ఉంటుందిలే" అని సర్దిచెప్పుకోవద్దు.

విరేచనాలకి

పెరుగులో చెంచాడు మెంతులు వేసి మింగడం, దానిమ్మ తొక్క కషాయం, మారేడు కాయ గుజ్జు, సగ్గుబియ్యం జావ, ఇవన్నీ పెద్దవాళ్ళకి, మామూలు విరేచనాలకి పర్వాలేదు. మెంతులు షుగర్ తగ్గిస్తాయి కాబట్టి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఎక్కువగా తీసుకోకండి. కానీ విరేచనాల్లో మనిషిని పడగొట్టేది నీళ్ళు, ఉప్పు పోవడమే, దాన్ని ఏ మూలికా పూడ్చలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి ఇంటివాళ్ళతోనే తాగించారు, 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి. ఇప్పుడు షాపుల్లో ఓఆర్‌ఎస్ పేరుతో దొరికేది అలాంటి ఉప్పు, గ్లూకోజు పొడే. ఆ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తల కొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. కొలత తప్పొద్దు, ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం.

కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని ఉన్నదే తీసుకోండి. తియ్యటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని వేసి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళపాటు పోరాడారు, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశాలిచ్చింది. జ్వరంతో విరేచనాలు, జిగట, రక్తం, మూత్రం రాకపోవడం, పిల్లల కళ్ళు లోతుకి పోవడం, వీటికి ఇంటి వైద్యం లేదు.

చూర్ణాలు కొనేవాళ్ళకి

హింగ్వాష్టక చూర్ణం అంటే శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, జీలకర్ర, నల్లజీలకర్ర, సైంధవ లవణం, ఇంగువ. దాదాపు అన్నీ వేడివే. ఉబ్బరానికి బాగుంటుంది, మంట ఉన్నవాళ్ళకి పనికిరాదు, బీపీ వాళ్ళు అందులో ఉప్పు ఉందని గుర్తుపెట్టుకోవాలి. అవిపత్తికర చూర్ణం మంటకి ఇస్తారు, కానీ సంప్రదాయ కొలత ప్రకారం దానిలో సగం చక్కెరే, మూడో వంతు తెల్లతెగడ అనే విరేచనకారి. షుగర్ ఉన్నవాళ్ళూ, ఇప్పటికే మోషన్ పల్చగా అయ్యేవాళ్ళూ ఈ సంగతి తెలియకుండా ఆరు నెలలు తినడం నేను చూశాను.

పసిపిల్లల విషయంలో గట్టిగానే చెప్తాను. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దు, వస కొమ్ము అరగదీసి నాకించడం కూడా వద్దు. ఏడాది నిండేదాకా తేనె వద్దు, అందులో ఉండగల బాక్టీరియా వల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని ఊరుకోకండి, మెల్లగా చెప్పండి, మనవడి మీద ప్రేమతోనే చేస్తున్నారు కాబట్టి వింటారు.

ఎన్ని రోజులు చూడాలి

ఒకేసారి మూడు మొదలుపెట్టకండి, ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియదు. ఒక్కటి ఎంచుకుని రెండు వారాలు చూడండి. రోజూ వేసుకునే మాత్రలకీ ఇసబ్‌గోల్‌కీ కనీసం రెండు గంటల తేడా ఉంచండి, ఆ జిగురులో మాత్ర చిక్కుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. అమ్మ కోసం మేం వంటగది గోడ మీది క్యాలెండర్నే వాడాం. మంట వచ్చిన రాత్రి తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, ఆ రోజు ఏం తిన్నదో పక్కన ఒక్క ముక్క. పుదీనా మానేశాక సున్నాలు తగ్గాయి కానీ శనివారం శనివారం ఒకటి మిగిలేది. శనివారం అమ్మ ఒంటిపూట ఉంటుంది, రాత్రి అన్నం బదులు నాలుగు మినప దోసెలు, అల్లం పచ్చడి, పైన కాఫీ. ఇప్పుడు ఆ రోజు సాయంత్రం ఆరింటికే రెండు ఇడ్లీలు తింటోంది, కాఫీ పొద్దుటికి మార్చుకుంది, భోజనం అయ్యాక చెంచాడు సోంపు నములుతూ డాబా మీద పావుగంట తిరుగుతోంది. పోయిన నెల కాగితం చింపేటప్పుడు చూస్తే ఎర్ర సున్నా ఒక్కటే ఉంది, అది కూడా మా పిన్ని కూతురి పెళ్ళి రోజుది.